బటన్లు లేని ప్లేయరు

పళ్ళ ల్యాబు,
మధ్యాహ్నం

కొండమీది బావమరిదికి,

బాగున్నావా? మేమంతా బాగున్నాం. మీ అక్క బాగుంది. నీ మేనకోడలు పిట్ట బాగుంది, చదువుకుంటోంది. నా సంగతి నీకు తెలిసిందే. డాక్టర్లు పళ్ళు పీకుతున్నంతకాలం కట్టుడు పళ్ళు చేసేవాడికి తీరిక దొరకదు.

అసలు విషయానికొస్తాను. నువ్వు కిందటిసారి వచ్చి మా ఇంట్లో వదిలేసి వెళ్ళిన పాత ల్యాప్‌టాపు కంప్యూటరుని ల్యాబుకి తెచ్చుకున్నాను. ప్లాస్టరు దుమ్ము పడకుండా దానికి ఓ దుప్పటి కప్పి, ముద్దుగా చూసుకుంటున్నాను. నిన్న అందులో ఒక వీడియో తెరిచాను. నల్లటి కిటికీ ఒకటి వచ్చింది, వీడియో ఆడింది. అంత ముసలి కంప్యూటరు ఒక్కసారి కూడా తడబడకుండా ఆడించడం చూసి ముచ్చటేసింది. కానీ ఆపుదామంటే బటన్ లేదు. వెనక్కి తిప్పుదామంటే బాణం గుర్తు లేదు. ఎంత వెతికినా కిటికీ తప్ప ఏమీ లేదు. విసుగొచ్చి స్పేస్ మీట మీద ఒక్క గుద్దు గుద్దాను. ఆగింది! గుద్దితే తప్ప మాట వినదంటే, ఈ వీడియో ప్లేయరు చేసింది మా బావమరిదేనని అప్పుడు నమ్మకం కుదిరింది.

వేరే ప్లేయరు వేసి చూశాను. కంప్యూటర్లో ఫ్యాను విమానంలా అరిచింది, బొమ్మ మాత్రం కదల్లేదు. కాబట్టి నాకు నీదే గతి.

నాకు కావలసింది ఒకటే. వీడియో నెమ్మదిగా ఆడాలి. అందులో ఒక మనిషి చేతులు కదిలిస్తూ ఉంటుంది. మామూలు వేగంలో అవి నా కంటికి అందడం లేదు. ఎందుకని అడక్కు. నీ కొండమీద ఫోను ఎలాగూ పలకదు కాబట్టి, వచ్చే జీపులో జవాబు పంపు.

మీ బావ

*

వాతావరణ కేంద్రం, కొండమీద

బావగారికి,

మీ ఉత్తరం జీపులోంచి కూరగాయల బస్తాతో పాటు దిగింది. కాస్త తడిసినా వెటకారం ఎక్కడా చెరగలేదు.

ఆ ప్లేయరు మేం అయిదారుగురం కలిసి చేసింది. మిగతావాళ్ళలో ఒక్కరి మొహం కూడా నేను చూడలేదు. ఎవరికీ జీతం లేదు. దాని కోడు ఎవరైనా చదవచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. బటన్లు మేం మర్చిపోలేదు బావా, కావాలనే పెట్టలేదు. అది అందరికోసం చేసింది కాదు. తమకేం కావాలో తెలిసినవాళ్ళ కోసం చేసింది. తలుపు మేమిస్తాం, గొళ్ళెం ఎటు పెట్టుకోవాలన్నది వాళ్ళ ఇష్టం. దానికి ఎన్ని పనులు వచ్చో మీకు తెలియదు. అడిగితే అన్నీ చేస్తుంది. అడగడం రావాలి, అంతే.

అడిగే పద్ధతి ఇది. దాని పక్కనే ఒక ఖాళీ ఫైలు ఉంటుంది. ఏ మీట నొక్కితే ఏం జరగాలో అందులో ఒక్కొక్క వరుసలో రాసుకోవాలి. ఈ కాగితం వెనక రెండు వరుసలు రాశాను. ఉన్నదున్నట్టు ఎక్కించండి. మొదటిది వేగం తగ్గించడానికి, రెండోది పెంచడానికి. మీ సొంత తెలివి అక్కడ వాడకండి.

ఇక్కడ గాలి గట్టిగా ఉంది. గాలి వేగం కొలిచే గిన్నెల్లో ఒకటి ఊడిపోయింది. పొద్దున్నంతా స్తంభం ఎక్కి కూర్చున్నాను.

చేతులు కదిలించే ఆవిడ ఎవరు బావా? అక్కకి తెలుసా? ఈ వయసులో నాట్యం నేర్చుకుంటున్నారా? అదే అయితే నాకు వీడియో తీసి పంపాలి, తప్పదు.

పిట్టకేమైంది? ప్రతి ఉత్తరం చివర్లో నన్ను తిడుతూ నాలుగు ముక్కలు రాసేది. ఈమధ్య దాని అక్షరమే కనబడటం లేదు. పోట్లాడేవాళ్ళు లేక ఇక్కడ నాకు పిచ్చెక్కుతోందని చెప్పండి.

మీ బావమరిది

*

పళ్ళ ల్యాబు

ఒరేయ్ మహానుభావా,

నువ్వు ఒకటి అంకె రాశావో, ఇంగ్లీషు అక్షరం రాశావో తేల్చుకోవడానికి నాకు రెండు సెట్ల పళ్ళు తయారయ్యేంత సమయం పట్టింది. మొదటిసారి తప్పు ఎక్కించాను. వేగం తగ్గాల్సింది పోయి వీడియో తలకిందులైంది. అది ఎలా అయిందో నాకు తెలియదు, నీకూ తెలియదనే నా అనుమానం. చివరికి దారికొచ్చింది. ఆవిడ చేతులు ఇప్పుడు తేనెలో ఈదుతున్నట్టు కదులుతున్నాయి. ప్రతి వేలూ విడివిడిగా కనిపిస్తోంది. నువ్వు చేసిన వస్తువు మంచిదేరా. మాట వరసకి అనడం లేదు.

ఇప్పుడు ఇంకో రెండు కావాలి. ఆవిడ నాకు ఎదురుగా నిలబడింది కదా, ఆవిడ కుడి చెయ్యి నాకు ఎడమ వైపు కనిపిస్తోంది. చూస్తూ చేస్తుంటే నాది ఎడమ చెయ్యి లేస్తోంది. అద్దంలో చూసుకున్నట్టు బొమ్మని అటుదిటు తిప్పగలవా? రెండోది, నాకు కావలసిన చిన్న ముక్క మాత్రమే మళ్ళీ మళ్ళీ ఆడాలి. నేను ఆపమనేదాకా.

నాట్యం కాదు. నా నడుము సంగతి నీకు తెలియదా?

పిట్టకి పరీక్షలు. రాస్తుందిలే.

మీ బావ

*

వాతావరణ కేంద్రం, కొండమీద

బావగారికి,

అద్దంలా తిప్పడం, ముక్కని తిరగాడించడం రెండూ కాగితం వెనక ఉన్నాయి. ఈసారి అంకెలకి కింద గీత గీశాను. మొదలు దగ్గర ఒకసారి, చివర దగ్గర ఒకసారి అదే మీట నొక్కండి. మధ్య ముక్క మీరు వద్దనేదాకా తిరుగుతూనే ఉంటుంది.

మీరు మంచి వస్తువు అన్నమాట నాకు సరిగ్గా సమయానికి అందింది. నేను ఆ పని మానేద్దామనుకుంటున్నాను బావా. వాళ్ళకింకా చెప్పలేదు, ముందు మీకే చెబుతున్నాను. కొండ దిగిన ప్రతిసారీ టౌన్లో ఇంటర్నెట్ ముందు కూర్చుని చూస్తే తిట్లే ఉంటాయి. ఒకడికి బటన్లు కావాలి. ఇంకొకడికి ఆ ఉన్న కిటికీ కూడా అక్కర్లేదు. ఒకాయన నేను రాసిన భాగం చూసి, ‘ఇది రాసినవాడికి నిద్ర అవసరం’ అన్నాడు. నిజానికి నవ్వుకోవాలి. నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా ఎవరి కోసం చేస్తున్నానో ఒక్క మనిషి మొహం గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రావడం లేదు. ఈ నెలాఖరుకి చెప్పేస్తాను.

సరే, నా గోల అలా ఉంచండి. అక్క ఉత్తరం వచ్చింది. పేజీ నిండా వాతావరణమే. వాతావరణం నాకు చెబుతుందా, నాకు! మీ ఇంట్లో ఎవరూ నాకేదో చెప్పడం లేదు. మీరు అబద్ధం చెప్పేటప్పుడు ‘బాగుంది, బాగుంది’ అని రెండుసార్లంటారు. మీ మొదటి ఉత్తరం తీసి చూశాను. అలాగే ఉంది.

బావా, ఏమైంది?

*

పళ్ళ ల్యాబు,
రాత్రి

బావమరిదికి,

చెప్పకూడదని మాటిచ్చాను. ఇవాళ ఆ మాట ఇప్పించుకున్న మనిషే చెప్పమంది. అందుకని రాస్తున్నాను.

పిట్టకి వినికిడి తగ్గిపోతోంది. రెండు చెవులూ. ముందు కనిపెట్టింది నేనే. నేను పళ్ళు అరగదీసే మిషను వేస్తే చాలు, ‘నాన్నా, ఆ గోల ఆపు’ అని చిన్నప్పట్నుంచీ అరిచేది కదా. ఒకరోజు ల్యాబులో మిషను పక్కనే కూర్చుని, తల కూడా ఎత్తకుండా లెక్కలు చేసుకుంది. నేను మిషను ఆపాను. ఆపినట్టు కూడా పిట్టకి తెలియలేదు. నా చేతిలో పళ్ళ సెట్టు అలాగే ఉండిపోయిందిరా.

చెవి డాక్టరు చాలా పరీక్షలు చేశాడు. ఉన్నది మెల్లమెల్లగా తగ్గుతుందట. చెవి మిషను కొంతకాలం సాయపడుతుందట. చేతులతో మాట్లాడే భాష ఇప్పట్నుంచే నేర్పించండి, ఇంటిల్లిపాదీ నేర్చుకోండి అన్నాడు. ఆ బడి పేరు చెప్పాడు. అక్కడి టీచరమ్మ వీడియోలే నేను చూస్తున్నవి.

పిట్ట ఒప్పుకోలేదు. ‘బస్సులో చేతులు తిప్పుతూ కూర్చుంటే అందరూ నన్నే చూస్తారు. నాకు వినిపిస్తోంది. మీరందరూ గొణుగుతున్నారు, అంతే’ అంది. మీ అక్క ఏడిస్తే ఇంకా మొండికేసింది. నీకు మాత్రం అసలు చెప్పొద్దంది. ‘మామయ్యకి తెలిస్తే ఇక నాతో పోట్లాడడు. మెత్తగా మాట్లాడతాడు. అది నేను చూడలేను’ అంది. సరేనన్నాను.

దాన్ని బలవంతపెట్టలేను. నన్ను నేను బలవంతపెట్టుకోగలను కదా. అందుకే భోజనాల వేళ ల్యాబు తలుపు దగ్గరికి వేసి, నేర్చుకోవడం మొదలుపెట్టాను. రేపు దానికి ఏమీ వినపడని రోజు వస్తే, ఆ రోజు నేను దాని ముందు మూగవాడిలా నిలబడకూడదు.

ఇవాళ మధ్యాహ్నం ‘ఎలా ఉన్నావు, తిన్నావా’ అన్న ముక్క తిరగాడిస్తున్నాను. అద్దం మీట, నెమ్మది మీట, అన్నీ బ్రహ్మాండం. నా వేళ్ళే సహకరించడం లేదు. మైనంలో పన్ను నిలబెట్టే వేళ్ళు ఇవి, గాల్లో నిలబడటం లేదు. వెనక పిట్ట నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. నేను తిరిగి చూసేసరికి దాని మొహం ఎర్రగా ఉంది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. పని పాడుచేశానే అనుకున్నాను.

సాయంత్రం మళ్ళీ వచ్చింది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

‘నాన్నా, ఆవిడ బొటనవేలు లోపలికి మడిచింది. నువ్వు బయట పెట్టావు.’

‘అంతేనా?’

‘అంతేనా ఏంటి? నువ్వు ఎలా ఉన్నావు అనడం లేదు. ఏదో ఈగలు తోలుతున్నావు. జరుగు.’

కంప్యూటరు తన ముందుకి లాక్కుంది. చీకటి పడేదాకా వదల్లేదు. వెళ్ళేముందు, ‘మామయ్యకి చెప్పు. కానీ జాలి మాట ఒక్కటి రాసినా నేను ఉత్తరం చదవనని కూడా చెప్పు’ అంది.

చెప్పాను.

మీ బావ

*

వాతావరణ కేంద్రం, కొండమీద

బావగారికి,

మీ ఉత్తరం చదివి బయటికెళ్ళి, వానకొలత గొట్టం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గొట్టంలో నీళ్ళేమీ లేవు. ఊరికే నిలబడ్డాను.

ఇది మీకొక్కరికే రాస్తున్నాను, దానికి చూపించకండి. నాకు ఏడుపొచ్చింది. తర్వాత మీమీద చాలా గౌరవం కలిగింది. ఇన్నాళ్ళూ మా అక్కని చేసుకున్నందుకు మీకు గౌరవమిచ్చాను. ఇప్పుడు విడిగా ఇస్తున్నాను.

పిట్టకి వేరే చీటీ పెట్టాను. అందులో నా చొక్కా అడ్డదిడ్డంగా ఉందని కిందటిసారి అది అన్నమాటకి గట్టి జవాబు ఇచ్చాను. మెత్తదనం ఎక్కడా లేదు, వెతుక్కోమనండి.

మీ బావమరిది

*

ఇల్లు, మేడమీది గది

మామయ్యకి,

నీ చొక్కా అడ్డదిడ్డంగానే ఉంది. అమ్మని అడిగినా అదే అంది.

నీ ప్లేయరులో తప్పుంది. నాన్నకి చెబితే, ‘వాడికి కోపమొస్తుంది, వాడసలే మానేస్తానంటున్నాడు’ అన్నాడు. మానేసేవాడివైతే నా ఫిర్యాదు తీర్చి మానెయ్యి.

ముక్కని తిరగాడించేటప్పుడు నేను ఎక్కడ గుర్తు పెడతానో అక్కడ మొదలవడం లేదు. కాస్త ముందుకి దూకి మొదలవుతోంది. నీకు చిన్న తేడా కావచ్చు. నాకు కాదు. చేతులతో చెప్పే మాటలో చెయ్యి ఎక్కణ్ణుంచి బయల్దేరిందన్నదే ముఖ్యం. నుదుటి దగ్గర బయల్దేరితే ఒక మాట, గడ్డం దగ్గర బయల్దేరితే ఇంకో మాట. నీ ప్లేయరు మొదలు మింగేసి మధ్యలోంచి చూపిస్తోంది. అందువల్ల నాన్న ఒక వారమంతా ‘అమ్మ’ అనాల్సిన చోట ఇంకేదో అన్నాడు. అదేమిటో ఉత్తరంలో రాయను.

ఇంకో సంగతి. నేనింకా ఆ టీచరమ్మ బడికి వెళ్ళడం లేదు. వెళ్తానని కూడా అనలేదు. నాన్న తప్పులు దిద్దడానికి చూస్తున్నానంతే. అందరూ నా మొహంలోకి చూసి ఆనందపడిపోనక్కర్లేదు.

నిన్న చెవి మిషను తీసేసి వీడియో చూశాను. గది అంతా నిశ్శబ్దం. ఆవిడ గబగబా మాట్లాడుతూనే ఉంది, నాకు అర్థమవుతూనే ఉంది. అన్నీ కాదు, కొన్ని. భయం వేయలేదు. ఇది నీకే చెప్పాను, వాళ్ళకి చెప్పకు.

పిట్ట

*

వాతావరణ కేంద్రం, కొండమీద

పిట్టకి,

తమరి ఫిర్యాదు అందింది. పరిశీలించాం. తప్పు మాదే.

వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా దాచిపెట్టరు. అక్కడక్కడా ఒక నిండు బొమ్మ ఉంచి, మధ్యలో మారిన భాగాలే దాస్తారు. మధ్యలోకి వెళ్ళమంటే వెనకటి నిండు బొమ్మ దగ్గర్నుంచి లెక్కకట్టుకుంటూ రావాలి. అది కష్టమని మా ప్లేయరు దగ్గర్లో ఉన్న నిండు బొమ్మ మీదకి దూకేస్తుంది. సినిమా చూసేవాడికి తేడా తెలియదు. నీకు తెలిసింది.

దాన్ని సరిచేసి, కొండ దిగినప్పుడు పంపించాను. మాలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. నాకు నిద్ర అవసరమన్నది ఆయనే. వెంటనే గొడవకి దిగాడు. ‘పాత కంప్యూటర్లు దీనివల్ల నెమ్మదిస్తాయి. ఇంత కచ్చితం ఎవడికి కావాలి?’ అన్నాడు. నేను పెద్ద వాదన ఏమీ రాయలేదు. ‘మా మేనకోడలికి. చేతులతో మాట్లాడటం నేర్చుకుంటోంది. మొదలు పోతే మాట పోతుంది’ అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. ‘అయితే ఎవరూ అడక్కుండానే అలా ఆడేటట్టు పెట్టు. వద్దన్నవాడు తీసేసుకుంటాడు’ అన్నాడు. వేగం తగ్గకుండా ఉండే ఉపాయం కూడా ఆయనే రాసిచ్చాడు.

మానేద్దామన్న ఆలోచన నేనే మానేశాను. ఎవరికోసం చేస్తున్నానని ఇక నన్ను నేను అడగనక్కర్లేదు. కొత్తది పెన్‌డ్రైవులో పెట్టి, ఈ ఉత్తరంతో పాటు చిన్న డబ్బాలో పంపుతున్నాను. ఎక్కించి, ఇంకా ఏం తప్పులున్నాయో వెతుకు. మెచ్చుకోకు, నాకు పనికిరాదు.

నిశ్శబ్దం సంగతి నా దగ్గరే ఉంటుంది.

మామయ్య

*

పళ్ళ ల్యాబు

బావమరిదికి,

వెళ్ళింది! ఎవరూ చెప్పకుండా సోమవారం పొద్దున్నే తయారై, ‘ఆ టీచరు వీడియోలో ఒక మాట రెండు చోట్ల రెండు రకాలుగా చేసింది. అడగాలి’ అని బయల్దేరింది. నేనూ మీ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

మొదటి రోజు ఏడుస్తూ వచ్చింది. అక్కడి పిల్లలు చాలా వేగంగా మాట్లాడతారట. ‘వాళ్ళకి నెమ్మది మీట లేదు నాన్నా’ అంది. రెండో రోజు వెళ్ళదేమో అనుకున్నాను. వెళ్ళింది. కంప్యూటరు కూడా చంకలో పెట్టుకుని మరీ వెళ్ళింది. కొత్తగా చేరిన పిల్లలకి, వాళ్ళ తల్లిదండ్రులకి నీ ప్లేయరు ఎలా వాడాలో ఇప్పుడు అదే చూపిస్తోంది. టీచరమ్మ బడిలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ పిట్ట రాసిన మీటల ఫైలే పెట్టించింది. అందులో ఒక్కో వరుస పక్కన మామూలు మాటల్లో వివరం రాసింది. నువ్వు ఎన్నేళ్ళయినా రాయనిది.

ఆ బడిలో ప్రతి మనిషికీ చేతితో చూపించే పేరొకటి ఉంటుంది. అది మనకి మనం పెట్టుకోకూడదట, వాళ్ళు పెట్టాలట. పిట్టకి పెట్టారు. చూపుడువేలితో గాల్లో మీట టకటకా నొక్కడం, అదీ దాని పేరు. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ పదేపదే చూపించింది. నా పేరు పంటి మీద వేలితో తట్టడం.

ఇప్పుడు దాని వినికిడి పోయినసారి కంటే తగ్గిందన్నాడు డాక్టరు. అది కూడా రాయాలి కదా. విని మీ అక్క కళ్ళు తుడుచుకుంది. పిట్ట మీ అక్క భుజం తట్టి, చేతులతో ఏదో చెప్పింది. మీ అక్కకి అర్థమైంది. నాకు కాలేదు. నాకంటే ముందుకెళ్ళిపోయిందిరా మీ అక్క.

సెలవు పెట్టుకుని రా. చూడాలని ఉంది.

మీ బావ

*

వాతావరణ కేంద్రం, కొండమీద

బావగారికి, అక్కకి, పిట్టకి,

క్షేమంగా చేరాను. నా సంచి మాత్రం చేరలేదు, దారిలో ఎవరో కొట్టేసినట్టున్నారు. మీ ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ ఇంకా కళ్ళలోనే ఉన్నాయి. భోజనాల దగ్గర నోటినిండా ముద్ద పెట్టుకుని కూడా మీరు మాట్లాడుకుంటుంటే అసూయ వేసింది. అక్క, పిట్ట నా ఎదురుగానే నా మీద జోకులేసుకుంటున్నారని తెలిసి కూడా ఏమీ చేయలేకపోయాను.

బస్సు ఎక్కాక సంగతి చెప్పాలి. కిటికీ అద్దం బిగుసుకుపోయి తెరుచుకోలేదు. ఇంజను మోతలో పక్క సీట్ల వాళ్ళందరూ అద్దాల మీద కొడుతూ, కిందున్న తమవాళ్ళతో గొంతులు చించుకుంటున్నారు. ఒకరి మాట ఒకరికి చేరలేదు. నా కిటికీ కింద మీరు ముగ్గురూ ఉన్నారు. పిట్ట చేతులెత్తి హాయిగా మాట్లాడుతోంది. చుట్టూ ఎంతమంది చూస్తున్నా పట్టించుకోలేదు. మొత్తం బస్సులో వీడ్కోలు మాట అందింది నాకొక్కడికే. నా పక్కాయన, ‘అదృష్టవంతులండీ మీరు’ అన్నాడు.

నేర్చుకున్నది కొంచెమే కాబట్టి అన్నీ అర్థం కాలేదు. బస్సు కదిలాక పిట్ట ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. రెండు చేతులూ భుజం మీంచి కిందికి, తర్వాత తన వైపు, తర్వాత నేల వైపు. ఆ మొహంలో ఎంత ఆత్రమో! మీరూ అక్కా కూడా అదే చెప్పారు. ‘నువ్వు ఎప్పుడూ మాతోనే ఉంటావు’ లాంటిదేదో అయ్యుంటుందని నాకనిపించింది. బస్సు మలుపు తిరిగేదాకా తల ఊపుతూ, గుండె మీద చెయ్యి వేసుకుని చూపించాను.

ఆ మాట ఏమిటో సరిగ్గా రాయండి. నేర్చుకుంటాను.

మీ బావమరిది

*

ఇల్లు, మేడమీది గది

మామయ్యకి,

‘నీ సంచి ఇక్కడే, నేల మీద ఉండిపోయింది.’

అదీ మేం చెప్పింది. ముగ్గురం చెప్పాం. మూడు రకాలుగా చెప్పాం. నువ్వేమో గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళనీళ్ళతో తలాడిస్తూ వెళ్ళిపోయావు. నాన్న కాసేపు బస్సు వెనక పరిగెత్తాడు, నువ్వు ఆయనకి ముద్దులు విసిరావు. అమ్మ అక్కడే బస్టాండు గట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మ అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళైందో. నేను చెవి మిషను తీసి జేబులో పెట్టుకున్నాను, మైకు గోల ఎక్కువగా ఉందని. అయినా అమ్మ నవ్వు కనిపిస్తూనే ఉంది. భుజాలు ఊగిపోతూ, కొంగు నోట్లో కుక్కుకుంటూ. దారిన పోయేవాళ్ళందరూ మమ్మల్నే చూశారు. చూడనీ.

సంచి జీపులో పంపిస్తున్నాం. అందులో నీ అడ్డదిడ్డం చొక్కా కూడా ఉంది, ఉతికాం. టీచరుగారి కొత్త వీడియోలు పెట్టాను. ‘ప్రయాణాలు’ అన్నది ముందు చూడు. నెమ్మది మీట బాగా తగ్గించుకో, నీకు అవసరం.

వచ్చేసారి నువ్వు బస్సు దిగగానే పరీక్ష పెడతాను. నోరు తెరవనివ్వను.

పిట్ట